ప్రాజెక్టు డైరీ: లింక్ పడింది, ప్యాకెట్ రాదు

పరిస్థితి

64 బిట్ ఆర్మ్ బోర్డు. ప్రాసెసర్ లోపల సినాప్సిస్ డిజైన్‌వేర్ రకం గిగాబిట్ మ్యాక్ (ఈథర్‌నెట్ ఫ్రేములు కట్టి పంపే, అందుకునే భాగం), దాన్ని నడిపేది ఎస్‌టీఎంమ్యాక్ డ్రైవర్. పక్కన రియల్‌టెక్ ఆర్‌టీఎల్8211ఎఫ్ ఫై చిప్ (ఆ ఫ్రేముల్ని కేబుల్ మీది సంకేతాలుగా మార్చేది), ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్లు లోపలే ఉన్న ఆర్‌జే45 సాకెట్. బోర్డుతో వచ్చిన పాత కెర్నల్‌లో నెట్‌వర్క్ మామూలుగా నడుస్తోంది. మెయిన్‌లైన్ 6.6 కెర్నల్ ఎక్కించాక కూడా సాకెట్ మీద రెండు లైట్లూ వెలుగుతున్నాయి, లాగ్‌లో ‘లింక్ ఈజ్ అప్ - 1జీబీపీఎస్/ఫుల్’ అని పడుతోంది. నెట్‌వర్క్ నుంచి అడ్రస్ తెచ్చుకునే డీహెచ్‌సీపీ మాత్రం అడిగి అడిగి ఊరుకుంటోంది. కాసేపటికి 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చి కూర్చుంటోంది.

ఆ 169.254 అడ్రస్ చెప్పేది ఒక్కటే: సర్వర్ నుంచి జవాబు అందలేదు, బోర్డు తనంతట తానే ఒక అడ్రస్ పెట్టుకుంది. అక్కడి నుంచి రూటర్ సెట్టింగుల్లోకి, ఫైర్‌వాల్ రూల్స్‌లోకి దిగితే బోలెడు సమయం పోతుంది. లైట్లు కూడా పెద్దగా ఏమీ చెప్పవు. అవి ఫై చిప్‌కీ కేబుల్ అవతలి పరికరానికీ మధ్య ఒప్పందం కుదిరిందని మాత్రమే చూపిస్తాయి. ఫై చిప్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య బోర్డు మీద ఇంకో లింక్ ఉంది. దానికి లైటు లేదు.

బల్ల మీదకి ఏం కావాలి

నెట్‌వర్కే లేనప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ ఉండదు కాబట్టి సీరియల్ కన్సోల్ తప్పదు. 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్, మూడు వైర్లు: గ్రౌండ్‌కి గ్రౌండ్, బోర్డు టీఎక్స్ నుంచి అడాప్టర్ ఆర్‌ఎక్స్‌కి, బోర్డు ఆర్‌ఎక్స్ నుంచి అడాప్టర్ టీఎక్స్‌కి. అడాప్టర్ మీది 5 వోల్టుల పిన్ను ఖాళీగా వదిలేయాలి. చాలా బోర్డుల్లో కన్సోల్ వేగం 115200, రాక్‌చిప్ బోర్డుల్లో 1500000. ఈ రెండో వేగం సీపీ2102 అడాప్టర్‌కి అందదు, తెర మీద చెత్త అక్షరాలు పడతాయి. ఎఫ్‌టీ232, సీహెచ్340 రకాలు తట్టుకుంటాయి.

గిగాబిట్ పోర్టున్న లినక్స్ ల్యాప్‌టాప్ ఒకటి, మంచివని తెలిసిన క్యాట్ 5ఈ కేబుళ్లు రెండు. స్విచ్‌ని తీసి పక్కన పెట్టి, బోర్డుని ల్యాప్‌టాప్‌కే నేరుగా కలపడం మంచిది. చెక్‌సమ్ తప్పిన ఫ్రేమ్ వస్తే మామూలు స్విచ్ దాన్ని తన దగ్గరే పారేస్తుంది. అవతలి కంప్యూటర్‌కి ఏమీ రాలేదన్నట్టే కనిపిస్తుంది. నేరుగా కలిపితే అదే ఫ్రేమ్ ల్యాప్‌టాప్ ఎర్రర్ కౌంటర్‌లో లెక్కకొస్తుంది, ఈ పని మొత్తంలో కావలసిన ఆధారం అదే. గిగాబిట్ పోర్టులు జతలను తామే అటూ ఇటూ మార్చుకుంటాయి, క్రాస్ కేబుల్ అక్కర్లేదు.

డీహెచ్‌సీపీని దారి నుంచి తప్పించడం

బోర్డులో నెట్‌వర్క్ మేనేజర్ గానీ సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ గానీ నడుస్తుంటే ఆపేయాలి. లేకపోతే మనం పెట్టిన అడ్రస్‌ని అవి మధ్యలో తీసేస్తాయి. తర్వాత చేత్తో అడ్రస్‌లు: ల్యాప్‌టాప్‌కి 192.168.50.1/24, బోర్డుకి 192.168.50.2/24. బోర్డు మీద కమాండ్లు ‘ఐపీ అడ్రస్ యాడ్ 192.168.50.2/24 డెవ్ ఈథ్0’, ఆపైన ‘ఐపీ లింక్ సెట్ ఈథ్0 అప్’. ఈ సబ్‌నెట్ ల్యాప్‌టాప్ వైఫైలో వాడుతున్నది కాకూడదు. అదే అయితే పింగ్ వైఫై వైపు వెళ్లిపోతుంది.

పింగ్ కొడితే జవాబు లేదు. ‘ఐపీ నెయ్’ అని చూస్తే అవతలి అడ్రస్ పక్కన ముందు ‘ఇన్‌కంప్లీట్’, తర్వాత ‘ఫెయిల్డ్’. అంటే ఏఆర్‌పీ (ఐపీ అడ్రస్ ఏ మ్యాక్ అడ్రస్‌దో అడిగి తెలుసుకునే పద్ధతి) దగ్గరే ఆగింది. రూటింగ్, డీఎన్‌ఎస్, ఫైర్‌వాల్ ఇవేవీ ఇంకా ఆటలోకి రాలేదు. ఇక చూడాల్సింది కేబుల్, ఫై చిప్, మ్యాక్, వాటి మధ్య వైరింగ్.

కేబుల్

దీన్ని త్వరగా తేల్చేయొచ్చు. 10, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు: పిన్నులు 1-2, 3-6. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. వేగం మీద బేరం మాత్రం మొదటి రెండు జతల మీదే జరుగుతుంది. అందుకే 4-5 లేదా 7-8 జత తెగిన కేబుల్‌తో రెండు వైపులా ‘1000 చేద్దాం’ అని ఒప్పుకుంటాయి, తీరా లింక్ నిలబడదు. కొన్ని ఫై చిప్‌లు కొన్నిసార్లు ప్రయత్నించి తామే 100కి దిగిపోతాయి. లింక్ పడుతూ పోతూ ఉన్నా, గిగాబిట్ రావాల్సిన చోట 100 దగ్గరే ఆగినా ముందు కేబుల్ మార్చి చూడాలి. కెర్నల్ 5.8 నుంచి ‘ఈథ్‌టూల్’ (ఈథర్‌నెట్ పోర్టు సెట్టింగులు, కౌంటర్లు చూసే కమాండ్)లో కేబుల్ టెస్ట్ ఆప్షన్ ఉంది, కానీ ఫై డ్రైవర్ దానికి సిద్ధంగా ఉంటేనే ఫలితం వస్తుంది.

ఇక్కడ లింక్ 1000 ఫుల్ డ్యూప్లెక్స్‌లో కదలకుండా నిలబడింది. కేబుల్ మార్చినా తేడా లేదు. కేబుల్ మీద అనుమానం తీరింది.

ఫై చిప్ ఏ డ్రైవర్ చేతిలో ఉంది

లాగ్‌లో ‘ఫై’, ‘ఎండీఐఓ’ (ఫై రిజిస్టర్లు చదివే, రాసే బస్సు), ‘ఈథ్’ అనే మాటలున్న లైన్లు వెతికితే రెండు రకాల ఇమేజ్‌లలో రెండు రకాల లైన్లు కనిపించాయి. ఒక దాంట్లో ఫై డ్రైవర్ ‘ఆర్‌టీఎల్8211ఎఫ్ గిగాబిట్ ఈథర్‌నెట్’ అని ఉంది. రియల్‌టెక్ డ్రైవర్‌ని మాడ్యూల్‌గా కట్టి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ వ్యవస్థ) పెట్టకుండా వదిలేసిన పరీక్ష ఇమేజ్‌లో ‘జెనరిక్ ఫై’ అని ఉంది. మ్యాక్ డ్రైవర్ లేచే సమయానికి అసలు డ్రైవర్ దొరక్కపోతే కెర్నల్ సాధారణ డ్రైవర్‌తో పని కానిచ్చేస్తుంది.

మామూలుగా జెనరిక్ అన్న మాట కనబడితే ‘దొంగ దొరికాడు’ అనిపిస్తుంది. ఇక్కడ తిరగబడింది: జెనరిక్ డ్రైవర్ ఉన్న ఇమేజ్‌లో నెట్‌వర్క్ నడిచింది, సరైన డ్రైవర్ ఉన్న ఇమేజ్‌లో నడవలేదు. పవర్ తీసి పెట్టిన వెంటనే యూ-బూట్ (కెర్నల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్) నుంచి పింగ్ కొట్టినా జవాబు వచ్చింది. అంటే చిప్, సాకెట్, సోల్డరింగ్ అన్నీ బాగున్నాయి. రియల్‌టెక్ డ్రైవర్ లేచాక ఫై చిప్‌లో ఏదో మారుస్తోంది.

ఫై చిప్ ఐడీ చూడాలంటే /సిస్/క్లాస్/నెట్/ఈథ్0/ఫైడెవ్ కింద ‘ఫై_ఐడీ’ ఫైల్. ఆర్‌టీఎల్8211ఎఫ్‌కి హెక్సాలో 001సీసీ916 రావాలి. చివరి అంకె 5 అయితే అది 8211ఈ, దాని డిలే (క్లాక్ ఆలస్యం) సెట్టింగులు వేరే రిజిస్టర్లలో ఉంటాయి. పక్కనే ఉన్న ‘ఫై_ఇంటర్‌ఫేస్’ ఫైల్‌లో ఇప్పుడు అమల్లో ఉన్న మోడ్ ఉంటుంది. ఇక్కడ అందులో ‘ఆర్‌జీఎంఐఐ’ (మ్యాక్‌కీ ఫైకీ మధ్య లింక్ పద్ధతి) అని మాత్రమే ఉంది, వెనక ఐడీ అన్న తోక లేదు. దీన్ని గుర్తుపెట్టుకుని తర్వాతి పరీక్షకు.

100లో నడిచింది, 1000లో లేదు

ఇలాంటి కేసుల్లో మొదట వేయాల్సిన ప్రశ్న ఇదే. వేగాన్ని బలవంతంగా బిగించకుండా, ఆటో నెగోషియేషన్ ఉంచుతూనే బోర్డు ప్రకటించే వేగాల్ని కుదించాలి. ‘ఈథ్‌టూల్’కి చిన్న ఎస్ ఆప్షన్, ఈథ్0, ఆపైన ‘అడ్వర్టైజ్’, హెక్సాలో 008. అది 100 ఫుల్ డ్యూప్లెక్స్. గిగాబిట్ ఫుల్‌కి 020. ఆటోనెగ్ తీసేసి ఒక వైపు మాత్రమే 100 ఫుల్ అని బిగిస్తే, అవతలి వైపు బేరం జరగక హాఫ్ డ్యూప్లెక్స్‌లోకి పోతుంది. అప్పుడు కొత్తగా కొలిజన్లు వచ్చి అసలు సమస్యని కప్పేస్తాయి. గిగాబిట్‌కి ఎలాగూ ఆటోనెగ్ తప్పనిసరి, ఎవరి క్లాక్‌ని ఇద్దరూ అనుసరించాలో అక్కడే తేలుతుంది.

100కి దించగానే పింగ్ వచ్చింది, ఒక్కటీ పోలేదు. 020 పెట్టగానే మళ్లీ మౌనం.

దీనికి కారణం ఆర్‌జీఎంఐఐ క్లాక్‌లో ఉంది. గిగాబిట్‌లో ఆ క్లాక్ 125 మెగాహెర్ట్జ్. ఒక సైకిల్ 8 నానోసెకన్లు, పెరిగే అంచు మీద నాలుగు బిట్లు, దిగే అంచు మీద ఇంకో నాలుగు. ఒక్కో నాలుగు బిట్ల ముక్క నిలిచేది 4 నానోసెకన్లే. క్లాక్ అంచు, డేటా మారే క్షణం రెండూ ఒకేసారి వస్తే చదివే చిప్‌కి పాత బిట్టు దొరుకుతుందో కొత్త బిట్టు దొరుకుతుందో చెప్పలేం. అందుకే క్లాక్‌ని సుమారు 2 నానోసెకన్లు ఆలస్యం చేసి, అంచు డేటా మధ్యలో పడేలా చూడాలి. 100లో క్లాక్ 25 మెగాహెర్ట్జ్, ఒక ముక్క 40 నానోసెకన్లు నిలుస్తుంది, రెండు అంచుల మీద వేర్వేరు డేటా ఉండదు. అందువల్ల అక్కడ ఈ తప్పు చాలావరకు బయటపడదు. 100 నడిచింది కాబట్టి డిలే సరిగానే ఉందనుకోవడానికి లేదు.

ఏ దిశలో పోతోంది

డిలే రెండు చోట్ల కావాలి: బోర్డు పంపే దారిలో ఒకటి, అందుకునే దారిలో ఒకటి. ఏది తప్పిందో కౌంటర్లే చెబుతాయి. రెండు వైపులా ‘ఈథ్‌టూల్’ పెద్ద ఎస్ ఆప్షన్‌తో కౌంటర్లు రాసుకుని, బోర్డు నుంచి కాసేపు పింగ్ నడిపి, మళ్లీ చూడాలి.

పంపే దారి చెడితే బోర్డులో పంపిన ప్యాకెట్ల లెక్క హాయిగా పెరుగుతుంది, ఎర్రర్ ఒక్కటీ ఉండదు, ఎందుకంటే పంపింది చెడిందో లేదో మ్యాక్‌కి తెలిసే దారి లేదు. ల్యాప్‌టాప్ వైపు సీఆర్‌సీ (ఫ్రేమ్ చెక్‌సమ్) ఎర్రర్లు పెరుగుతాయి. అందుకునే దారి చెడితే ల్యాప్‌టాప్‌కి బోర్డు మాటలు శుభ్రంగా అందుతాయి, బోర్డులో ‘ఎంఎంసీ_ఆర్‌ఎక్స్_సీఆర్‌సీ_ఎర్రర్’ పెరుగుతుంది. పక్కనే ఉన్న ‘ఎంఎంసీ_ఆర్‌ఎక్స్_ఫ్రేమ్‌కౌంట్_జీబీ’ మంచీ చెడ్డా కలిపిన మొత్తం. అది పెరుగుతూ, మంచి ఫ్రేముల లెక్క కదలకపోతే వచ్చినవన్నీ చెడినవే.

ల్యాప్‌టాప్ మీద టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లని చూపే ప్రోగ్రామ్) పెడితే బోర్డు అడుగుతున్న ఏఆర్‌పీ ప్రశ్నలు, వాటికి ల్యాప్‌టాప్ ఇచ్చిన జవాబులు వరసగా కనిపించాయి. బోర్డు మీద టీసీపీడంప్‌లో దాని ప్రశ్నలే ఉన్నాయి, జవాబులు లేవు. సీఆర్‌సీ కౌంటర్ ఒక్కో జవాబుకి ఒక్కోటి చొప్పున ఎక్కుతోంది. పంపే దారి బాగుంది, అందుకునే దారి చెడింది. చెక్‌సమ్ తప్పిన ఫ్రేములు మామూలుగా టీసీపీడంప్ దాకా రావు, హార్డ్‌వేరే పారేస్తుంది. వాటిలో ఏముందో చూడాలనిపిస్తే కొన్ని ఇంటెల్ కార్డుల్లో ‘ఆర్‌ఎక్స్-ఆల్’ ఫీచర్ ఆన్ చేయొచ్చు, ఇక్కడ అంత అవసరం పడలేదు.

ఎస్‌టీఎంమ్యాక్‌లో సొంత పరీక్షలు కూడా ఉన్నాయి. కెర్నల్ కట్టేటప్పుడు సెల్ఫ్‌టెస్ట్ ఆప్షన్ ఆన్ చేసి, లింక్ పడి ఉండగా ‘ఈథ్‌టూల్’ని చిన్న టీ ఆప్షన్, ఈథ్0, ‘ఆఫ్‌లైన్’తో నడపాలి. లింక్ లేకపోతే అసలు మొదలే పెట్టదు. మ్యాక్ లూప్‌బ్యాక్ (పంపిందాన్ని తిరిగి తనకే తెచ్చుకునే పరీక్ష) 0 ఇచ్చి, ఫై లూప్‌బ్యాక్ -110 ఇస్తే తేడా మ్యాక్‌కీ ఫైకీ మధ్య ఉందన్నమాట. -110 అంటే పంపింది తిరిగి రాకుండానే గడువు దాటింది. ఫై లూప్‌బ్యాక్ అన్ని చిప్‌లలో గిగాబిట్ దగ్గర సరిగా పనిచేయదు కాబట్టి దీన్ని రెండో సాక్ష్యంగా మాత్రమే తీసుకోవాలి, కౌంటర్లే మొదటి సాక్ష్యం.

2 నానోసెకన్లు ఎవరు పెడుతున్నారు, ఎవరు తీస్తున్నారు

అసలు చిక్కు ఇక్కడ. ఒకే డిలేని ముగ్గురు పెట్టగలరు. బోర్డు మీద క్లాక్ గీతని పొడుగ్గా మెలికలు తిప్పి పెట్టొచ్చు, ఈ రోజుల్లో అరుదు. మ్యాక్ పెట్టొచ్చు. ఫై చిప్ పెట్టొచ్చు. ఎవరూ పెట్టకపోతే ప్యాకెట్ చెడుతుంది, ఇద్దరు పెడితే 4 నానోసెకన్లయి క్లాక్ తర్వాతి అంచు మీదకి జరిగి, అప్పుడూ చెడుతుంది.

ఆర్‌టీఎల్8211ఎఫ్‌లో రెండు డిలేలూ పవర్ వచ్చేటప్పుడు పిన్నుల స్థితిని బట్టి మొదట నిర్ణయమవుతాయి: ఆర్‌ఎక్స్‌డీ0 పిన్ను అందుకునే డిలేకి, ఆర్‌ఎక్స్‌డీ1 పిన్ను పంపే డిలేకి. డేటా వెళ్లే పిన్నులే రీసెట్ క్షణంలో సెట్టింగ్ పిన్నులుగా పనిచేస్తాయి. ఆ పిన్నుకి రెసిస్టర్ పైకి కట్టారా కిందికి కట్టారా అన్నదే లెక్క. ఈ బోర్డులో అందుకునే డిలే రెసిస్టర్‌తో ఆన్‌లో ఉంది, పంపే డిలే ఆఫ్. పంపే వైపు లోటుని మ్యాక్ పూడుస్తోంది: డివైస్ ట్రీలో (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఎలా ఉందో కెర్నల్‌కి చెప్పే ఫైల్) ‘టీఎక్స్_డిలే’ హెక్సాలో 28, ‘ఆర్‌ఎక్స్_డిలే’ 0. మోడ్ ఉత్త ‘ఆర్‌జీఎంఐఐ’.

డివైస్ ట్రీ భాషలో ఉత్త ‘ఆర్‌జీఎంఐఐ’ అంటే ఫై చిప్ ఏ డిలే పెట్టకూడదని. ‘ఆర్‌జీఎంఐఐ-ఐడీ’ అంటే రెండూ ఫై పెట్టాలి. ‘ఆర్‌జీఎంఐఐ-ఆర్‌ఎక్స్‌ఐడీ’ అంటే అందుకునేది మాత్రమే, ‘ఆర్‌జీఎంఐఐ-టీఎక్స్‌ఐడీ’ అంటే పంపేది మాత్రమే. ఈ బోర్డు డివైస్ ట్రీ రాసిన వాళ్లు ఉత్త ‘ఆర్‌జీఎంఐఐ’ అని రాసి, అందుకునే డిలేని రెసిస్టర్‌కి వదిలేశారు. పాత రియల్‌టెక్ డ్రైవర్ అందుకునే డిలే జోలికి పోయేది కాదు కాబట్టి ఆ రాత తప్పని ఎవరికీ తెలియలేదు. 5.11 కెర్నల్ నుంచి డ్రైవర్ 8211ఎఫ్‌లో అందుకునే డిలేని కూడా డివైస్ ట్రీ చెప్పినట్టే పెడుతుంది. ఇప్పుడు అది ‘ఆర్‌జీఎంఐఐ’ అన్న మాట చదివి, రెసిస్టర్ ఆన్ చేసిన డిలేని ఆఫ్ చేస్తోంది. జెనరిక్ డ్రైవర్‌కి, యూ-బూట్‌లోని సాధారణ డ్రైవర్‌కి ఆ రిజిస్టర్ ఉందనే తెలియదు, ముట్టుకోవు, అందుకే అక్కడ పని నడిచింది.

ఇది ఈ ఒక్క చిప్ కథ కాదు. 2019లో అథెరోస్ ఏఆర్8031, 8035 డ్రైవర్ సరిదిద్దినప్పుడు, 2020లో ఆర్‌టీఎల్8211ఈ డ్రైవర్ సరిదిద్దినప్పుడు కూడా కొన్ని బోర్డుల్లో ఈథర్‌నెట్ ఆగిపోయింది. 8211ఈ దెబ్బకి ఆల్‌విన్నర్ చిప్‌లున్న చాలా బోర్డుల డివైస్ ట్రీల్లో ‘ఆర్‌జీఎంఐఐ’ని ‘ఆర్‌జీఎంఐఐ-ఐడీ’గా మార్చాల్సి వచ్చింది. కెర్నల్ మార్చాక గిగాబిట్ పోయిందంటే ఫై డ్రైవర్ మార్పులే ముందు తిరగేయాలి.

ఊహ మీద ఆధారపడకుండా తేల్చుకోవడానికి బూట్ లైన్‌లో రియల్‌టెక్ డ్రైవర్‌కి డైనమిక్ డీబగ్ (మామూలుగా దాగి ఉండే లాగ్ లైన్లు చూపించే సదుపాయం) పెట్టాం. లాగ్‌లో అందుకునే 2 నానోసెకన్ల డిలేని మార్చినట్టు లైన్ పడింది. మార్పు లేనప్పుడు అదే చోట ‘పిన్ స్ట్రాపింగ్ వల్లో బూట్‌లోడర్ వల్లో ఇది ముందే ఇలా ఉంది’ అనే అర్థం వచ్చే లైన్ పడుతుంది. రిజిస్టర్‌నే చూడాలంటే పేజీ హెక్సాలో డీ08: రిజిస్టర్ 11 (ఇదీ హెక్సాలోనే), బిట్ 8 పంపే డిలే. రిజిస్టర్ 15, బిట్ 3 అందుకునే డిలే.

మార్పు

డీటీబీ (కంపైల్ చేసిన డివైస్ ట్రీ) ఫైల్‌ని వెంటనే మార్చేయకుండా ముందు యూ-బూట్‌లోనే పరీక్షించడం సులువు. కెర్నల్, డీటీబీ ర్యామ్‌లోకి తెచ్చాక ‘ఎఫ్‌డీటీ అడ్రస్’తో డీటీబీని చూపించి, ‘ఎఫ్‌డీటీ రీసైజ్’ ఒకసారి కొట్టి, ‘ఎఫ్‌డీటీ సెట్’తో ఈథర్‌నెట్ నోడ్‌లో ‘ఫై-మోడ్’ మార్చి బూట్ చేయాలి. రీసైజ్ మరిచిపోతే కొత్త విలువ పాతదానికంటే పొడుగ్గా ఉన్నప్పుడు చోటు చాలక ఎర్రర్ వస్తుంది. పవర్ తీసి పెడితే అంతా పాతదే, ఏదీ పాడవదు.

‘ఆర్‌ఎక్స్‌ఐడీ’తో నడిచింది: అందుకునే డిలే ఫైలో, పంపేది మ్యాక్‌లో. ‘ఐడీ’తో కూడా నడిచింది. ‘టీఎక్స్‌ఐడీ’తో నడవలేదు, నడవకూడదు కూడా. నడిచిన రెండింటిలో ‘ఐడీ’నే ఉంచాం. మ్యాక్‌లోని 28 అనేది 0 నుంచి 7ఎఫ్ మధ్య ఒక అంకె మాత్రమే, నానోసెకన్లు కాదు. ప్రతి బోర్డుకీ విడిగా వెతికి పెట్టాల్సిన విలువ. ఫై ఇచ్చేది తెలిసిన 2 నానోసెకన్లు. పైగా రాక్‌చిప్ మ్యాక్ డ్రైవర్ ‘ఐడీ’ మోడ్ చూస్తే తన రెండు డిలేల్నీ తానే 0 చేసుకుంటుంది, ‘ఆర్‌ఎక్స్‌ఐడీ’ చూస్తే పంపే డిలే ఉంచుకుని అందుకునేది తీసేస్తుంది. కాబట్టి రెండు సార్లు డిలే పడే ప్రమాదం అక్కడ లేదు. వేరే కంపెనీ మ్యాక్ డ్రైవర్ ఇలాగే చేస్తుందన్న భరోసా లేదు, దాని కోడ్ చదివాకే మోడ్ మార్చాలి.

ఖరారయ్యాక అసలు సోర్స్‌లోనే మార్చి డీటీబీ కట్టాలి. సోర్స్ చేతిలో లేకపోతే ‘ఎఫ్‌డీటీపుట్’తో డీటీబీ ఫైల్‌లో ఆ ఒక్క విలువనీ మార్చొచ్చు. బూట్ అయ్యాక ‘ఫై_ఇంటర్‌ఫేస్’ ఫైల్‌లో కొత్త మోడ్ కనిపిస్తోందో లేదో తప్పక చూడాలి. కార్డులో రెండు చోట్ల డీటీబీ ఉండి, మార్చింది ఒకటి, లోడ్ అయ్యేది ఇంకొకటి అయ్యే సందర్భాలు కొల్లలు.

రీబూట్ చేస్తే ఒకలా, పవర్ తీస్తే ఒకలా

పాత డివైస్ ట్రీతో ఇంకో వింత ఉండేది: పవర్ తీసి పెడితే యూ-బూట్‌లో పింగ్ వచ్చేది, లినక్స్ నుంచి రీబూట్ చేస్తే యూ-బూట్‌లో కూడా రాకపోయేది. లినక్స్ ఆఫ్ చేసిన డిలే ఫై రిజిస్టర్లో అలాగే మిగిలిపోవడమే కారణం. రీబూట్‌లో ప్రాసెసర్ రీసెట్ అవుతుంది గానీ ఫై చిప్‌కి కరెంటు పోదు, దాని రీసెట్ పిన్నుని ఎవరూ కదపకపోతే పాత విలువలే ఉంటాయి.

ఫై రీసెట్ జీపీఐఓని (ఆ రీసెట్‌ని కదిపే ప్రాసెసర్ పిన్నుని) డివైస్ ట్రీలో చెప్పాలి. పాత పద్ధతిలో అది మ్యాక్ నోడ్‌లో ‘ఎస్‌ఎన్‌పీఎస్’ పేరుతో ఉండేది. ఇప్పుడు ఎండీఐఓ నోడ్ కింద ఫై నోడ్‌లో ‘రీసెట్-జీపీఐఓస్’ అని రాయాలి. రీసెట్‌ని కనీసం 10 మిల్లీసెకన్లు కిందికి లాగి ఉంచాలి, వదిలాక కనీసం 72 మిల్లీసెకన్లు ఆగాలి. మైక్రోసెకన్లలో రాస్తారు కాబట్టి 10000, 72000. ఇక్కడ 72 రాసి వదిలేస్తే ఫై లేవకముందే దాన్ని పలకరించినట్టవుతుంది.

ఒక మెలిక ఉంది. బూట్‌లోడర్ ఫైని రీసెట్‌లోనే వదిలేస్తే, కెర్నల్ ఎండీఐఓ బస్సు వెతికే సమయానికి ఫై నిద్రలో ఉంటుంది, ఐడీ చదవడం కుదరదు, ఐడీ తెలియక డ్రైవర్ రాదు, డ్రైవర్ రాక రీసెట్ వదలదు. ఫై నోడ్‌లో ‘కంపాటిబుల్’ విలువగా ‘ఈథర్‌నెట్-ఫై-ఐడీ001సీ.సీ916’ అని ఐడీని నేరుగా రాసేస్తే చదవాల్సిన పనే ఉండదు.

ఫై అసలు కనబడని బోర్డుల కోసం

ఈ బోర్డులో రాలేదు గానీ పక్క దారిలో తగిలేది కాబట్టి రాసి పెడుతున్నాం. ‘కెనాట్ అటాచ్ టు ఫై’, వెనక -19 అని పడితే ఎండీఐఓ మీద ఎవరూ పలకలేదని. ఎండీఐఓ లైన్‌ని రెసిస్టర్ పైకి లాగి ఉంచుతుంది కాబట్టి ఎవరూ పలకకపోతే ఐడీ మొత్తం ఎఫ్‌లే వస్తుంది. చూడాల్సినవి: ఫైకి వోల్టేజీ, రీసెట్ పిన్ను పైకి వచ్చిందా, 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ కొట్టుకుంటోందా, డివైస్ ట్రీలో రాసిన ఫై అడ్రస్ రెసిస్టర్లు చెప్పే అడ్రస్‌తో సరిపోతోందా. ఆర్‌టీఎల్8211ఎఫ్ తన అడ్రస్‌తో పాటు 0కి కూడా పలుకుతుంది. అందువల్ల ఒక్క చిప్ రెండు చోట్ల కనిపించి కంగారు పెడుతుంది, డివైస్ ట్రీలో దాని అసలు అడ్రసే రాయాలి.

‘ఫెయిల్డ్ టు రీసెట్ ద డీఎంఏ’ అని పడితే డీఎంఏని చూడనక్కర్లేదు, ఫైని చూడాలి. ఎస్‌టీఎంమ్యాక్ తన రీసెట్ పూర్తి చేయడానికి ఫై నుంచి వచ్చే అందుకునే క్లాక్ కావాలి. ఆ క్లాక్ లేకపోతే రీసెట్ బిట్ దిగదు. కారణం మళ్లీ ఫై పవర్, రీసెట్, లేదా క్లాక్ పిన్ను పిన్‌మక్స్ (ఆ పిన్ను ఏ పనికో ఎంచే సెట్టింగ్) తప్పు.

చేత్తో రిజిస్టర్లు చదివేవాళ్లకి ఒక మాట: రిజిస్టర్ 1లో లింక్ బిట్, అంటే బిట్ 2, ఒకసారి పడిపోతే చదివేదాకా పడిపోయినట్టే ఉంటుంది. రెండుసార్లు చదివి రెండోదే నమ్మాలి.

పేరు, మ్యాక్ అడ్రస్

మోడ్ సరిచేశాక పింగ్ వచ్చింది, డీహెచ్‌సీపీ ఇంకా రాలేదు. ఇది వేరే సంగతి. సిస్టమ్‌డీ 251 నుంచి, డివైస్ ట్రీలో ‘ఈథర్‌నెట్0’ అన్న అలియాస్ ఉంటే పోర్టు పేరు ఈథ్0 కాకుండా ‘ఎండ్0’ అవుతుంది. చేత్తో పరీక్షించేటప్పుడు నెట్.ఐఎఫ్‌నేమ్స్=0 పెట్టి బూట్ చేయడంతో ఈథ్0గా ఉంది, అది తీసేయగానే పేరు మారింది, సెట్టింగ్ ఫైల్‌లో మాత్రం ఈథ్0 అనే ఉంది. ఫైల్‌లో పేరు మార్చడంతో తీరింది.

/సిస్/క్లాస్/నెట్ కింద పోర్టు ఫోల్డర్‌లో ‘అడ్రస్_అసైన్_టైప్’ ఫైల్ 1 అని చూపిస్తే మ్యాక్ అడ్రస్ హార్డ్‌వేర్‌ది కాదు, కెర్నల్ అప్పటికప్పుడు పుట్టించింది. సిస్టమ్‌డీ దాన్ని మెషీన్ ఐడీ ఆధారంగా స్థిరపరుస్తుంది, అది ఒక బోర్డుకి మంచిదే. ఒకే కార్డు ఇమేజ్‌ని రెండు బోర్డులకి కాపీ చేస్తే మెషీన్ ఐడీ ఒకటే, మ్యాక్ అడ్రస్ కూడా ఒకటే అవుతుంది. ఒక నెట్‌వర్క్‌లో రెండూ పెడితే ఒకదాని పింగ్ ఇంకోదానికి పోతూ రెండూ తడబడతాయి. కాపీ చేసే ముందు మెషీన్ ఐడీ ఫైల్‌ని ఖాళీ చేయాలి, లేదా యూ-బూట్‌లో ప్రతి బోర్డుకీ విడిగా ‘ఈథ్‌అడ్రస్’ పెట్టాలి. సొంతంగా పెట్టుకునే అడ్రస్ 02తో మొదలైతే ఏ కంపెనీ అడ్రస్‌తోనూ తగాదా ఉండదు.

వేగం పరీక్ష

వేగం కొలిచే ఐపెర్ఫ్3 సర్వర్ ల్యాప్‌టాప్‌లో, క్లయింట్ బోర్డులో. ఒకసారి మామూలుగా, ఒకసారి పెద్ద ఆర్ ఆప్షన్‌తో ఎదురు దిశలో. ఒక దిశ మాత్రమే నడిపి ఆపేస్తే సగం డిలే పరీక్షించినట్టే. మామూలు 1500 ఎంటీయూతో (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) టీసీపీకి పై హద్దు 941 మెగాబిట్ల దగ్గర: వైరు మీద 1538 బైట్లు పోతే అందులో అసలు డేటా 1448. 1000కి ఇంకా 59 ఏమయ్యాయని వెతకనక్కర్లేదు. ‘రీట్రాన్స్‌మిట్’ గడిలో సున్నా లేదా దాదాపు సున్నా ఉండాలి. వేగం 300, 400 దగ్గర ఆగి రీట్రాన్స్‌మిట్లు పెరుగుతుంటే డిలే ఇంకా అంచు మీదే ఉంది. రీట్రాన్స్‌మిట్లు లేకుండానే వేగం తగ్గితే ప్రాసెసర్ వైపు చూడాలి: ఇంటరప్ట్‌లన్నీ కోర్ 0 మీదే పడుతున్నాయేమో /ప్రాక్/ఇంటరప్ట్స్‌లో తెలుస్తుంది.

పరీక్ష తర్వాత సీఆర్‌సీ కౌంటర్లు మళ్లీ చూడాలి, రెండు వైపులా. పింగ్ బాగుండి, గిగాబిట్ నిండా నడిపినప్పుడు మాత్రమే కొన్ని సీఆర్‌సీలు పడే బోర్డులు ఉంటాయి. బోర్డు వేడెక్కాక ఇంకోసారి నడపడం అందుకే.

మిగిలింది

ట్రాఫిక్ లేకుండా ఉంచితే లింక్ అప్పుడప్పుడు పడిపోయి మళ్లీ లేస్తోంది. ఐపెర్ఫ్ నడుస్తున్నంతసేపూ కదలదు, ఖాళీగా ఉన్నప్పుడే పోతుంది. ఈ లక్షణం చూస్తే ముందు ఈఈఈని అనుమానించాలి, అంటే ట్రాఫిక్ లేనప్పుడు కరెంటు ఆదా కోసం ఫై నిద్రపోయే పద్ధతి. ‘ఈథ్‌టూల్ --షో-ఈఈఈ’లో అది యాక్టివ్ అని ఉంది. ‘--సెట్-ఈఈఈ’తో ఆఫ్ చేశాక లింక్ పడిపోవడం ఆగింది. ఈ సెట్టింగ్ రీబూట్‌తో పోతుంది కాబట్టి ఫై నోడ్‌లో ‘ఈఈఈ-బ్రోకెన్-1000టీ’ అనే ప్రాపర్టీ చేర్చాం. దానితో ఫై గిగాబిట్‌లో ఈఈఈ చేయగలనని అవతలికి చెప్పడమే మానేస్తుంది. ఇదే బోర్డుని వేరే స్విచ్‌కి కలిపి, ఈ లైను లేకుండా ఒకసారి చూడాల్సి ఉంది. అక్కడ లింక్ నిలబడితే గొడవ రెండు చిప్‌ల జోడీది, డివైస్ ట్రీలో శాశ్వతంగా ఉంచాలా వద్దా అన్నది అప్పుడు తేల్చాలి.